నైవాషా సరస్సు ఒడ్డున బృంద శిబిరం: వన్యప్రాణులను ఎప్పుడు, ఎలా చూడాలి?

మీ ప్రశ్న నాకు అర్థమైనంతలో ఇది. ఫిబ్రవరిలో హైదరాబాదు నుంచి ఇరవై ఎనిమిది మంది కెన్యాకు వచ్చి నైవాషా సరస్సు ఒడ్డున నాలుగు రోజులు శిబిరం జరుపుకోబోతున్నారు. ఉదయం ఆరున్నర నుంచి తొమ్మిదిన్నర వరకు ధ్యానం, ప్రసంగం ఉంటాయి. సాయంత్రం నాలుగు నుంచి ఏడు వరకు చర్చలు ఉంటాయి. మధ్యాహ్నం దొరికే ఖాళీలో జంతువులను చూడాలనీ, ఒక రోజు మాసై మారా అభయారణ్యానికి వెళ్ళి రావాలనీ అనుకుంటున్నారు. హిప్పోల (నీటిగుర్రాల) వల్ల ప్రమాదం ఉందా అని కూడా అడిగారు. నేను చాలా ఏళ్లుగా నైరోబీలో నివసిస్తున్నాను, ఇక్కడికి వచ్చే తెలుగు బృందాల వెంట నైవాషాకు తరచుగా వెళుతుంటాను. ఆ అనుభవంతో ముందుగా చెప్పవలసిన మాట ఒకటి ఉంది: మీ కార్యక్రమ పట్టికను పూర్తిగా తిరగవేయండి. ప్రసంగాలను, చర్చలను పదిన్నర నుంచి మూడున్నర మధ్యకు జరిపి, ఉదయాన్నీ సాయంత్రాన్నీ సరస్సుకు వదిలిపెట్టండి.

దానికి కారణం ఎండ. నైవాషా భూమధ్యరేఖకు చాలా దగ్గరగా ఉంది. ఏడాదిలో ఏ నెలలో వచ్చినా సూర్యోదయం ఇంచుమించు ఆరున్నర ప్రాంతంలోనే, సూర్యాస్తమయం కూడా సాయంత్రం అదే ప్రాంతంలోనే జరుగుతాయి. సరస్సు సుమారు 1,880 మీటర్ల ఎత్తున ఉండటం వల్ల గాలి చల్లగా తగిలినా, పదకొండు దాటిన తరువాత ఎండ నేరుగా నెత్తిన పడుతుంది. ఆ వేళకు జింకలు నీడ పట్టుకుంటాయి, పక్షుల పాట ఆగిపోతుంది, జిరాఫీలు తుమ్మచెట్ల కింద నిలబడి నెమరు వేస్తుంటాయి. దానికి తోడు మధ్యాహ్నం దాటాక చాలా రోజుల్లో సరస్సు మీద బలమైన గాలి లేస్తుంది, అలలు పడవను కుదిపేస్తాయి. మీరు ఖాళీగా ఉంచుకున్న సమయం జంతువులకు విశ్రాంతి సమయం, పడవకు అననుకూల సమయం. అదే ఉదయం ఆరున్నర నుంచి తొమ్మిది వరకు నీరు అద్దంలా ఉంటుంది, మేతకు వెళ్ళిన జీవులు తిరిగి వస్తుంటాయి, ఫొటోలకు వెలుతురు ఏటవాలుగా పడుతుంది.

మాసై మారా ఆలోచనను ఈసారికి విరమించుకోమని నా సలహా. నైవాషా నుంచి నారోక్ పట్టణం మీదుగా మారాకు చేరడానికే నాలుగైదు గంటలు పడుతుంది. వెళ్ళిన రోజే తిరిగి రావాలంటే అక్కడ మీకు మిగిలేది మధ్యాహ్నపు రెండు మూడు గంటలు మాత్రమే. పైగా చాలామంది ఊహించుకునే విల్డెబీస్ట్‌ల (ఎద్దును పోలిన పెద్ద జింకల) మహా వలస మారాలో కనిపించేది జులై నుంచి అక్టోబరు వరకు. ఫిబ్రవరిలో ఆ మందలు టాంజానియాలో, సెరెంగెటి మైదానాల దక్షిణ భాగంలో ఈనుతూ ఉంటాయి. సింహాలే ముఖ్యమనుకుంటే శిబిరం ముగిసిన తరువాత విడిగా రెండు రాత్రులు మారాలో గడపండి.

ఇంతకూ సఫారీ వాహనంలో తిరిగేవారికి దొరకని ఒక అవకాశం ఒడ్డున శిబిరం చేసేవారికి దొరుకుతుంది. నాలుగు రోజులు ఒకే చోట ఉంటారు. అవే చెట్లు, అవే పక్షులు, అదే హిప్పోల గుంపు రోజూ ఎదురవుతాయి. మొదటి రోజు ఒక పక్షి పేరు తెలుసుకున్నవారు మూడో రోజుకు అది ఏ కొమ్మ మీద కూర్చుంటుందో, ఎవరిని తరుముతుందో, ఎప్పుడు నీటిలోకి దూకుతుందో గుర్తుపడతారు. ఇరవై ఎనిమిది మంది ఒక గుంపుగా జంతువుల వెంట నడిస్తే జంతువులు పారిపోతాయి. అదే ఇరవై ఎనిమిది మంది నాలుగు చోట్ల ఏడుగురేసి కదలకుండా కూర్చుంటే జంతువులే దగ్గరకు వస్తాయి. కాబట్టి ఏడుగురి చొప్పున నాలుగు జట్లుగా విడిపోయి, ప్రతి జట్టూ ప్రతి ఉదయం ఒకే స్థలంలో గంటసేపు మౌనంగా కూర్చునే ఏర్పాటు చేయండి. స్థలాన్ని మాత్రం బస నిర్వాహకుల సలహా మీదనే ఎంచుకోవాలి, దానికి కారణం హిప్పోల సంగతిలో చెబుతాను. మీ కార్యక్రమంలో ధ్యానం ఎలాగూ ఉంది కనుక ఆ మౌనం మీవారికి భారం కాదు. పగటి సమావేశం మొదట్లో ప్రతి జట్టూ తాను గమనించినదాన్ని ఐదు నిమిషాలు చెబితే, ఒకరు చూడనిది మరొకరికి అందుతుంది, మర్నాడు ఏ దిక్కున చూడాలో తెలుస్తుంది.

అలా కూర్చున్నప్పుడు ఏమి కనిపిస్తుందో కొంత వివరంగా చెబుతాను, ఎందుకంటే ముందుగా తెలిసి చూసేవారికి రెట్టింపు కనిపిస్తుంది. నైవాషా, తూర్పు ఆఫ్రికా పొడవునా సాగే రిఫ్ట్ లోయలోని మంచినీటి సరస్సు. దానికి సమీపంలోని ఎల్మెంటైటా, నకూరు, బొగోరియా సరస్సులు క్షారజలాలు. పైకి కనిపించే కాలువ ఏదీ దీని నుంచి బయటకు పోకపోయినా భూగర్భం గుండా నీరు జారిపోతూ ఉండటం వల్ల ఉప్పు పేరుకోదు. అందుకే ఒడ్డున పపైరస్ తుంగ పెరుగుతుంది, చేపలు ఉంటాయి, చేపలను తినే పక్షులు ఉంటాయి. ఈ పరిసరాలలో నాలుగు వందలకు పైగా పక్షి జాతులు నమోదయ్యాయి. 1995లో దీనిని రామ్‌సర్ ఒప్పందం కింద అంతర్జాతీయ ప్రాముఖ్యం గల చిత్తడి నేలగా గుర్తించారు. మన కొల్లేరుకు 2002లో దక్కిన గుర్తింపు కూడా అదే. కొల్లేటి పరిసరాలు ఎరిగినవారికి ఇక్కడ గుర్రపుడెక్క గుంపులుగా తేలుతుంటే ఆశ్చర్యం కలగదు. ఆ కలుపు దక్షిణ అమెరికా నుంచి రెండు ఖండాలకూ వచ్చి రెండు చోట్లా పడవలకు దారి మూసేస్తున్నది.

మీ కంట మొదట పడేది, అంతకన్నా ముందు చెవిన పడేది, ఆఫ్రికా చేపల గద్ద. తల, రొమ్ము తెల్లగా, పొట్ట ఇటుక రంగులో, రెక్కలు నల్లగా ఉంటాయి. తల వెనక్కి వంచి అరిచే దాని కేక సరస్సు అంతటా వినిపిస్తుంది. సాధారణంగా జంటగా ఉంటుంది, ఒకటి అరిస్తే రెండోది అందుకుంటుంది. అది రోజులో ఎక్కువ భాగం కొమ్మ మీద ఊరకే కూర్చునే ఉంటుంది కనుక ఒక్కసారి వచ్చి వేటను చూడాలనుకునేవారు నిరాశపడతారు. ఇక్కడ పడవవాళ్ళు కొందరు ఈల వేసి, చచ్చిన చేపను నీటిపైకి విసిరి, గద్దను రప్పించి ఫొటో తీయిస్తారు. చేప మునగకుండా తేలేందుకు దానిలో పపైరస్ ముక్కను కుక్కుతారు. దయచేసి మీ బృందం దానిని కోరవద్దు, వారు చూపబోయినా మర్యాదగా వద్దనండి. మనిషి ఈలకు అలవాటు పడిన పక్షిని చూడటంలో ఏ ప్రయోజనమూ లేదు. నాలుగు ఉదయాలు ఒకే చెట్టు ఎదుట కూర్చునేవారికి నిజమైన వేట కనిపించే అవకాశం బాగానే ఉంటుంది.

నలుపు తెలుపు లకుముకి మన చెరువుల మీద ఎగిరే జాతే. గాలిలో ఒకే చోట రెక్కలాడిస్తూ నిలిచి, నిట్టనిలువుగా నీటిలోకి పడుతుంది. లైలాక్ (లేత ఊదా) రొమ్ము గల రోలర్ పక్షి మన పాలపిట్టకు దగ్గరి బంధువు. నీటి ఆకులపై నడిచే జకానా పక్షిని చూసినప్పుడు దాని గుడ్లను పొదిగేదీ, పిల్లలను పెంచేదీ మగపక్షి అని గుర్తుంచుకోండి. ఒక్కోసారి పిల్లలను రెక్కల కింద ఇరికించుకుని నడుస్తుంది, అప్పుడు తండ్రి పక్కటెముకల నుంచి పొడవాటి చిన్న కాళ్ళు వేలాడుతూ కనిపిస్తాయి. నేలపట్టులో మీరు చూసి ఉండగల గూడబాతులు చుక్కలముక్కు జాతివి. ఇక్కడ గుంపుగా ఒకే వరుసలో ఈదుతూ చేపలను ముందుకు తోలి, అన్నీ ఒకేసారి ముక్కులు ముంచేవి గ్రేట్ వైట్ పెలికాన్లు అనే మరో జాతి గూడబాతులు. ఫిబ్రవరిలో వస్తున్నారు కనుక యూరప్, ఆసియా చలికి తప్పించుకుని వచ్చిన వలస పక్షులు కూడా ఇంకా ఇక్కడే ఉంటాయి.

నీటిలో బూడిదరంగు మోళ్ళుగా నిలిచిన ఎండు చెట్లు మీకు కనిపిస్తాయి. అవి పసుపు బెరడు తుమ్మలు. 2020 ప్రాంతం నుంచి సరస్సు మట్టం బాగా పెరిగి, ఒడ్డున ఉన్న తోటలు, బాటలు, కొన్ని విడిది గృహాలు మునిగిపోయాయి. వేళ్ళకు గాలి అందక చెట్లు చచ్చిపోయాయి. నీటికాకులు, గద్దలు ఆ మోళ్ళ మీదనే కూర్చుంటాయి కనుక చూసేవారికి అనుకూలమే, కానీ ఆ మార్పు హిప్పోలకూ మనుషులకూ మధ్య దూరాన్ని తగ్గించింది. అవి మేసే గడ్డిభూమి నీటి కిందకు పోయింది. ఒడ్డు పొడవునా గులాబీ తోటల ప్లాస్టిక్ పందిళ్ళు, కంచెలు ఉన్నాయి. మేత కోసం హిప్పోలు విడిది గృహాల పచ్చికలోకి రావడం సహజం. నేను ఈ విషయాన్ని బృందాలకు పదేపదే చెబుతాను, ఎందుకంటే జంతువు మన ప్రాంగణంలోకి వచ్చిందని భావించేవారికీ, దాని మేతభూమిలో మన ప్రాంగణం ఉందని తెలిసినవారికీ ప్రవర్తనలో చాలా తేడా ఉంటుంది.

ఇక హిప్పోల ప్రమాదం గురించి. ప్రమాదం నిజమే, అది అరుదైనదీ కాదు. ఒక్కొక్కటి సుమారు ఒకటిన్నర టన్నుల బరువుంటుంది, పెద్ద మగవి అంతకన్నా చాలా ఎక్కువ. నేల మీద గంటకు 30 కిలోమీటర్ల వేగంతో పరుగెత్తగలదు. అంటే మీలో ఎవరూ దానిని దాటి పరుగెత్తలేరు. పగలంతా లోతు తక్కువ నీటిలో గుంపుగా పడి ఉండి, చీకటి పడ్డాక ఒడ్డెక్కి రాత్రికి 40 కిలోల దాకా గడ్డి మేస్తుంది, తెల్లవారేలోగా అదే దారిన నీటికి తిరిగి వస్తుంది. ఈ దినచర్య తెలిస్తే ప్రమాదం ఎక్కడుందో తెలిసిపోతుంది. నీటికీ దానికీ మధ్య నిలబడిన మనిషి దాని దృష్టిలో తప్పించుకునే దారిని మూసేసినవాడు. 2018 ఆగస్టులో ఇదే సరస్సు ఒడ్డున ఫొటో తీస్తున్న తైవాన్ పర్యాటకుడు హిప్పో దాడిలో మరణించాడు. స్థానికంగా చేపలు పట్టేవారు పర్యాటకులకన్నా ఎక్కువగా నష్టపోతూనే ఉన్నారు, వారి వార్తలు మాత్రం దూరానికి చేరవు.

అందువల్ల నియమాలు కఠినంగా ఉండాలి. చీకటి పడిన తరువాత, పూర్తిగా తెల్లవారేదాకా, ఎవరూ గది నుంచి భోజనశాలకు కూడా ఒంటరిగా నడవకూడదు. విడిది గృహంలో కాపలాదారులుంటారు, ఇక్కడ వారిని అస్కరీ అంటారు. వారిని పిలిపించుకుని వారి టార్చి వెలుతురులో, వారు చెప్పిన దారినే నడవాలి. మీరు రాసిన పట్టికలో రాత్రి ఎనిమిదికి ఒడ్డున చలిమంట చుట్టూ భజన ఉంది. విద్యుత్ కంచె లోపలి వైపు అయితేనే దానిని ఉంచండి, లేకపోతే వరండాలోకి మార్చండి. తెల్లవారుజామున ధ్యానానికి ఒంటరిగా నీటి అంచుకు వెళ్ళే అలవాటు కొందరు సాధకులకు ఉంటుంది, వారికి ప్రత్యేకంగా చెప్పండి. ఒడ్డున తొక్కుడుపడి నీటిలోకి దిగే బాటలు కనిపిస్తే అవి హిప్పోల దారులు, మీ జట్టు కూర్చునే స్థలం వాటికి దూరంగా, వెనుక గోడో వరండాయో ఉండేటట్లు చూసుకోండి.

పడవలో వెళ్ళేటప్పుడు లైఫ్‌జాకెట్ తప్పనిసరి. ఒక పడవలో ఏడెనిమిది మంది మించకూడదు. హిప్పోల గుంపుకు ఎంత దూరంలో ఆగాలన్నది పడవవాడి నిర్ణయానికే వదలండి, "ఇంకొంచెం దగ్గరకు" అని ఎవరూ అనకూడదు. నోరు బార్లా తెరిచి కోరలు చూపితే అది ఆవులింత అనుకుని నవ్వుకునేవారున్నారు, చాలాసార్లు అది హెచ్చరిక. గుంపులో ఒకటి మునిగి ఐదు నిమిషాల దాకా పైకి రాకపోవచ్చు, అది నీటి అడుగున నేల మీద నడుస్తూ ఎటు వస్తున్నదో బుడగల జాడను బట్టి అనుభవమున్న పడవవాడు పసిగడతాడు. ఈ జాగ్రత్తలతో చూస్తే హిప్పోలంత ఆసక్తికరమైన జీవులు ఈ సరస్సులో మరొకటి లేవు. చెవులు, కళ్ళు, ముక్కు ఒకే ఎత్తున ఉండటం వల్ల శరీరమంతా ముంచి ఆ మూడింటినే పైకి ఉంచగలవు. ఎండకు వాటి చర్మం నుంచి ఎర్రటి ద్రవం ఊరుతుంది. అది రక్తమూ కాదు, చెమటా కాదు, ఎండ నుంచీ సూక్ష్మక్రిముల నుంచీ చర్మాన్ని కాపాడే స్రావం.

బయటి ప్రయాణాల్లో మొదట క్రెసెంట్ ద్వీపానికి ఒక ఉదయాన్ని కేటాయించండి. మునిగిపోయిన అగ్నిపర్వత ముఖం అంచు అర్ధచంద్రాకారంలో నీటిపైకి తేలి ఏర్పడిన భూభాగం అది. అక్కడ సింహాలు, ఏనుగులు లేనందువల్ల గైడ్ వెంట కాలినడకన తిరగనిస్తారు. జిరాఫీలు, జీబ్రాలు, విల్డెబీస్ట్‌లు, ఇంపాలా, వాటర్‌బక్ జింకలు మీ ఎత్తులో, మీ నేల మీద కనిపిస్తాయి. వాహనం పైకప్పు నుంచి చూసినదానికీ దీనికీ పోలికే లేదు. జిరాఫీ నడిచేటప్పుడు ఒక పక్కనున్న రెండు కాళ్ళూ ఇంచుమించు ఒకేసారి కదులుతాయి, గమనించండి. తల మీది కొమ్ముల చివర వెంట్రుకలు కుచ్చుగా ఉంటే సాధారణంగా ఆడది, పోట్లాటల్లో అరిగి బోడిగా ఉంటే పెద్ద మగది. జీబ్రాలన్నీ మేత ఆపి ఒకే దిక్కుకు తల తిప్పితే మీరు కూడా అటే చూడండి. అన్నిటికన్నా ముఖ్యం, జంతువు మేత మానేసి మిమ్మల్ని చూస్తున్నదంటే మీరు ఎక్కువ దగ్గరకు వచ్చారని అర్థం, అక్కడే ఆగి రెండడుగులు వెనక్కి వేయండి. ద్వీపం అంచున హిప్పోలు ఉంటాయి కనుక నీటి వైపు గైడ్ వెళ్ళనివ్వడు, ఆయన మాట దాటవద్దు.

రెండో ఉదయం హెల్స్ గేట్ జాతీయ ఉద్యానానికి బాగుంటుంది. 1984లో ఏర్పడిన ఈ చిన్న ఉద్యానంలో సైకిల్ మీదా కాలినడకనా తిరగవచ్చు. ఎర్రటి కొండచరియల మధ్య జీబ్రాల పక్కగా సైకిల్ తొక్కడం మీ బృందంలోని యువతకు ఎంతో నచ్చుతుంది. చరియల మీద రాబందుల గూళ్ళు చూడండి, రాళ్ళ మధ్య ఎండ కాచుకునే హైరాక్స్‌ను చూడండి. కుందేలంత ఉండే ఆ జీవికి ఏనుగుతో దగ్గరి చుట్టరికం ఉంది. అడవి గేదె ఒంటరిగా కనిపిస్తే సైకిల్ దిగి గైడ్ వెనుక ఉండండి. ఇరుకు లోయలోకి దిగడం విషయంలో మాత్రం వాదనకు తావివ్వవద్దు. 2012 ఏప్రిల్‌లో ఒక చర్చి యువజన బృందంలోనూ, 2019 సెప్టెంబరులో ఒక పర్యాటక బృందంలోనూ కొందరు ఆ లోయలో ఆకస్మిక వరదకు చిక్కి ప్రాణాలు పోగొట్టుకున్నారు. ఎక్కడో ఎగువన కురిసిన వానకే లోయ నిండిపోతుంది, మీ తల మీద ఆకాశం నిర్మలంగా ఉండటం భరోసా కాదు.

ఖడ్గమృగాలను తప్పక చూడాలనుకుంటే మారాకు బదులుగా ఒక రోజు నకూరు జాతీయ ఉద్యానానికి వెళ్ళండి, రోడ్డు మీద గంటన్నర ప్రయాణం. 188 చదరపు కిలోమీటర్ల ఆ ఉద్యానం చుట్టూ కంచె ఉంది, లోపల నల్ల, తెల్ల ఖడ్గమృగాలు రెండూ ఉన్నాయి. రెండింటి రంగూ బూడిదే. వెడల్పాటి మూతితో నేల మీది గడ్డి మేసేది తెల్లది, కొక్కెంలాంటి పై పెదవితో పొదల ఆకులు లాగేది నల్లది. పాత ఫొటోల్లోని లక్షల ఫ్లెమింగోలను మాత్రం ఆశించవద్దు. అక్కడ కూడా నీరు పెరిగి క్షారత పలచబడటంతో వాటి ఆహారమైన స్పిరులినా నాచు తగ్గి, అవి ఇతర సరస్సులకు తరలిపోయాయి. వెళితే చీకటితోనే బయలుదేరి గేటు తెరిచే వేళకు అక్కడ ఉండాలి, లేకపోతే మానుకుని ఒడ్డునే ఉండటం మేలు.

కోతుల గురించి ఒక మాట చెప్పాలి, ఎందుకంటే మన బృందాల దగ్గర పులిహోర, చెగోడీలు ఎప్పుడూ ఉంటాయి. వెర్వెట్ కోతులు తెరిచిన కిటికీని ఒక్క నిమిషంలో కనిపెడతాయి. ముచ్చటగా ఉందని ఒక అరటిపండు ఇస్తే, అది మరుసటి బృందంలోని పిల్లవాడి చేతి నుంచి లాక్కుంటుంది, కరుస్తుంది, చివరకు ఆ కోతినే చంపుతారు. భక్తితోనైనా, జాలితోనైనా ఏ జంతువుకూ ఏమీ పెట్టవద్దు. తెల్ల తోక కుచ్చు, నల్లని ఒళ్ళు, భుజాల నుంచి తెల్లని జాలరు వేలాడే కొలోబస్ కోతులు మాత్రం ఆకులు తిని బతికేవి, కింది వ్యవహారాలతో వాటికి పని తక్కువ. తెల్లవారగానే ఎత్తైన కొమ్మల మీద ఎండకు కూర్చుంటాయి.

సామాను విషయంలో ముఖ్యమైనవి మూడే చెబుతాను. జట్టుకు కనీసం రెండైనా 8x42 (ఎనిమిది రెట్లు దగ్గరగా చూపే) బైనాక్యులర్లు ఉండాలి, ఫోన్ కెమెరా వాటికి బదులు కాదు. ఉదయాలు చలిగా ఉంటాయి కనుక స్వెటర్ కావాలి. నీళ్ళకు స్టీలు సీసా తెచ్చుకోండి, కెన్యాలో 2017 నుంచి ప్లాస్టిక్ సంచులపై నిషేధం ఉంది, 2020 జూన్ నుంచి జాతీయ ఉద్యానాల్లోకి ఒకసారి వాడి పారేసే ప్లాస్టిక్ సీసాలను కూడా అనుమతించరు. అనుమతి లేని డ్రోన్‌ను అసలు తేవద్దు. ఇది వన్యప్రాణులకు సంబంధించినది కాకపోయినా చెప్పక తప్పదు: పచ్చజ్వరం టీకా ప్రయాణానికి కనీసం పది రోజుల ముందే వేయించుకుని ధ్రువపత్రం వెంట ఉంచుకోవాలి. అది లేకుండా కెన్యా నుంచి తిరిగి వెళ్ళినవారిని భారతదేశంలో ఆరు రోజుల దాకా క్వారంటైన్‌లో ఉంచవచ్చు.

విడిది గృహాన్ని ఖరారు చేసేముందు వారిని నాలుగు విషయాలు రాతపూర్వకంగా అడగండి. గదులకూ సరస్సుకూ మధ్య విద్యుత్ కంచె ఉందా, ఉంటే రాత్రి ఎన్నింటికి పనిచేయడం మొదలవుతుంది? రాత్రి ఎంతమంది అస్కరీలు ఉంటారు, ఇరవై ఎనిమిది మందిని భోజనం తరువాత గదులకు ఎలా చేరుస్తారు? పడవలు వారివేనా, ఉదయం ఆరున్నరకే నాలుగు పడవలు సిద్ధం చేయగలరా? ఉదయం ఆరుకు టీ, పదింటికి ఫలహారం ఇవ్వడానికి వంటశాల ఒప్పుకుంటుందా? చివరి ప్రశ్న చిన్నదిగా కనిపిస్తుంది కానీ, చాలా బృందాలకు ఉదయాలు చేజారేది అక్కడే. ఎనిమిదింటికే ఫలహారం అన్నారంటే సరస్సు మీద ఉన్నవారంతా ఏడున్నరకే వెనక్కి తిరగవలసి వస్తుంది. జవాబులు వచ్చాక ఇక్కడ రాయండి, వాటిని బట్టి రోజువారీ పట్టికను సరిచేసి ఇస్తాను.